ఐర్లండు గూడ్సుబండ్ల నమూనాలు

బొమ్మబండ్లు చరిత్రమునకు సాక్ష్యము చెప్పునా యని మీరడుగవచ్చును. చెప్పునని నా మనవి.

ఐర్లండునందు 1834లో డబ్లిను నుండి కింగ్స్‌టౌను వఱకు మొదటి యినుపదారి వేసిరి. దాని పట్టాల యెడము 4 అడుగుల 8½ అంగుళములు. 1839లో అల్‌స్టరు రైల్వేవారు 6 అడుగుల 2 అంగుళముల యెడమున వేఱొకదారి వేసిరి. ఒకరి బండి మఱియొకరి దారి నెక్కజాలదు. తుదకు 1846 నాటి చట్టము 5 అడుగుల 3 అంగుళములను నిర్ణయించెను.

నమూనాలు చేయువారికి చిక్కు ఇచ్చటనే కలిగినది. అడుగునకు 4 మిల్లీమీటర్ల చొప్పున బండిని గావించినచో పట్టాల యెడము 21 మిల్లీమీటర్లు కావలయును. అంగడిలో సాధారణముగ దొరకునవి 16½ మిల్లీమీటర్లవి. వానిపై నిలిచిన గూడ్సుబండి చూచుటకు సొంపుగనే యుండును గాని, అది ఐర్లండుబండి కాదు. కావుననే నిజము గోరువారు పట్టాలను స్వహస్తములతో వేసికొందురు.

ఈ శ్రమ యేల? వెల్లింగ్టన్‌బ్రిడ్జి నుండి మాలో చక్కెర కర్మాగారమునకు బీటుదుంపలు మోసిన బండ్లు, ఆ కర్మాగారము 2006లో మూతపడుటతో, మఱల రాలేదు. వాని రూపు ఇక నమూనాలయందే కదలుచున్నది.

కొలత తప్పిన జ్ఞాపకము కట్టుకథ యగును. పెద్దలారా! మీ యూరిదారిని నడచి నిలిచిపోయిన బండ్లను గూర్చి మనుమలకు జెప్పునపుడు, ఉన్నది యున్నట్లు చెప్పుడు.