ఎరకసాని పేరు మీద ఒక గుడి

మా ఇంట్లో కార్తీక సోమవారం అంటే పిల్లలమర్రి ప్రయాణమే. పిల్లలమర్రి అనగానే చాలామందికి మహబూబ్‌నగర్‌లోని పెద్ద మర్రిచెట్టు గుర్తొస్తుంది. అది వేరు. ఇది మా సూర్యాపేటకు ఐదారు కిలోమీటర్ల దూరంలో, చెరువును ఆనుకుని ఉన్న గుళ్ల ఊరు.

నాది కోదాడ. పెళ్లై సూర్యాపేట వచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఇన్నేళ్లలో ఆ గుళ్లకు ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. దీపం పెట్టడం, కొబ్బరికాయ కొట్టడం, చెట్టు కింద కూర్చుని పులిహోర తిని వచ్చేయడం, అంతే. ఈసారి తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి అడిగింది, "అమ్మా, ఎరకేశ్వరుడు అంటే ఏ దేవుడు?" అని. శివుడే అన్నాను. "మరి ఎరక అంటే ఏంటి?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక ఇద్దరం కూర్చుని చదివాం.

ఎరక అంటే ఒక ఇల్లాలి పేరండీ! పూర్తి పేరు ఎరకసాని. కాకతీయుల సామంతులైన రేచర్ల వంశంలో బేతిరెడ్డి భార్య. 1208లో ఆమె ఈ గుడి కట్టించింది. ఆ రోజుల్లో శివాలయం కట్టించినవాళ్ల పేరుకు 'ఈశ్వర' చేర్చి లింగానికి పెట్టేవారు. పక్కనే ఉన్న నామేశ్వరాలయం 1202లో అదే వంశానికి చెందిన నామిరెడ్డి కట్టించింది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన మన రామప్ప గుడిలో దేవుడి అసలు పేరు రుద్రేశ్వరుడు. 1213లో ఆ గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి పేరే అది. అంటే రామప్ప కంటే ఐదేళ్ల ముందే మన పక్క ఊళ్లో ఒక ఆడమనిషి పేరుతో శివుడు వెలిశాడన్నమాట.

'సాని' అన్న మాట చూసి ముఖం చిట్లించకండి. ఆ కాలంలో అది గౌరవంగా పిలిచే మాట. దొరసాని అనే మాటలో ఆ గౌరవం ఇప్పటికీ మిగిలే ఉంది.

కాకతీయుల కాలంలో ఊరు వెలసిందంటే గుడితో పాటు చెరువూ ఉండాల్సిందే. చెరువు నీళ్లతో పొలం పండాలి, ఆ పంటలోంచి గుడి దీపానికి, నైవేద్యానికి భాగం వెళ్లాలి. అందుకే గుడి కట్టించినవాళ్లు ఊరికే కట్టి వదిలేయకుండా భూములు రాసిచ్చి, ఆ సంగతి రాతిమీద చెక్కించేవారు. పిల్లలమర్రిలో 1195 నాటి రుద్రదేవుడి కాలపు శాసనం, 1208 నాటి గణపతిదేవుడి కాలపు శాసనం ఉన్నాయి. మనం పసుపు కుంకుమలు చల్లి దాటిపోయే రాళ్లు అవే!

ఈసారి వెళ్తే కాస్త తీరిగ్గా చూడండి. ఎరకేశ్వరాలయం ఎత్తయిన అరుగు మీద ఉంటుంది. లోపల నల్లరాతి స్తంభాలు అద్దంలా నునుపుగా ఉంటాయి. నామేశ్వరాలయంలో తల పైకెత్తి చూస్తే క్షీరసాగర మథనం బొమ్మల పాత రంగుల జాడలు కనిపిస్తాయి. మూడు గర్భగుళ్లు ఉన్న ముక్కంటేశ్వరాలయమూ అక్కడే. శాకుంతల కథను తెలుగులో కావ్యంగా రాసిన పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు ఈ ఊరిదే అంటారు. మగవాళ్లకు ఊరు ఇంటిపేరై తరతరాలు నిలుస్తుంది. మనకు మాత్రం పెళ్లితోనే ఇంటిపేరు మారిపోతుంది కదా, అదీ గుర్తొచ్చింది.

ఇంకా చదువుతుంటే మన చుట్టుపక్కలే ఇలాంటి ఆడవాళ్ల పేర్లు మరికొన్ని దొరికాయి. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించింది. కాకతీయుల వంశవృక్షం ఆ చెరువు శాసనంలో ఉంది. రాణీ రుద్రమదేవి మరణం సంగతి మనకు చెప్పేది నకిరేకల్ దగ్గరి చందుపట్లలో దొరికిన 1289 నాటి రాయి. ఆ రాళ్లే లేకపోతే వీళ్ల గురించి మనకేం తెలిసేది?

ఆ రాత్రి గిన్నెలు సర్దుతుంటే మా గేటు పక్కన ఉన్న నల్లరాతి ఫలకం గుర్తొచ్చింది. ఇల్లు కట్టిన సంవత్సరం, మామయ్య పేరు ఉంటాయి దానిమీద. కానీ ఈ ఇంటి స్లాబు పడింది అత్తమ్మ గాజులు, గొలుసు అమ్మిన డబ్బుతో. పుస్తెలతాడు తప్ప అంతా ఇచ్చేసిందని మామయ్యే ఎన్నోసార్లు చెప్పేవారు. నోటితో చెప్పారు గానీ రాతిమీదికి రాలేదు. గుళ్లో అర్చన చేయించినా గోత్రం, ఇంటి యజమాని పేరు అడుగుతారు. మనం "సకుటుంబానాం"లో కలిసిపోతాం.

ఎరకసానికి భూములున్నాయి, సామంతుడి భార్య, ఆమెకు చెల్లింది అనొచ్చు. నిజమే. ఆ గుడి రాళ్లు మోసిన కూలి ఆడవాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. కానీ గేటు పక్కన ఫలకం మన చేతిలో పనే కదా!

మా ఆయనకు చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఇన్నేళ్లూ నాకు తట్టనే లేదు" అన్నారు. ఎలాగూ సంక్రాంతికి గేటుకి రంగులు వేయించాలి, అప్పుడే కొత్త ఫలకం పెట్టిద్దాం అనుకున్నాం. మామయ్య పేరు పక్కన అత్తమ్మ పేరు.

అత్తమ్మకు చెబితే నవ్వింది. "పేరు రాయిస్తే నా గాజులు తిరిగొస్తయా బిడ్డా?" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. మా అమ్మాయి మాత్రం నానమ్మ పక్కన కూర్చుని ఎరకసాని కథంతా చెప్పింది. ఎనిమిది వందల ఏళ్ల కింద ఒక ఇల్లాలి పేరు రాతి మీద రాశారంటే అత్తమ్మ రెండుసార్లు అడిగి మరీ విన్నది.

పడుకోబోయే ముందు నన్ను పిలిచింది.

"రాయిస్తే మాత్రం అక్షరాలు జర పెద్దగ రాయించున్రి. చిన్నగుంటే నాకు కనవడయి."