లైట్లు ఆర్పేసినా ఆగని కొట్లాట: 1987 వరల్డ్ జూనియర్స్ కథ

ఈ రోజు చెప్పబోయే కథలో ఒక మ్యాచ్ ఉంది, కానీ ఆ మ్యాచ్‌కి రిజల్ట్ లేదు. స్కోరు 4-2 దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత జరిగింది ఆట కాదు. దాదాపు ఇరవై నిమిషాల పాటు రెండు దేశాల కుర్రాళ్లు, అందరూ ఇరవై ఏళ్లలోపు వాళ్లే, మంచు మీద పడి కొట్టుకున్నారు. ఆపడం ఎవరి వల్లా కాక చివరికి స్టేడియంలో లైట్లు ఆర్పేశారు.

తేదీ 1987 జనవరి 4. ఊరు పియెష్ట్యానీ. ఇప్పుడు స్లొవాకియాలో ఉంది, అప్పట్లో చెకొస్లొవాకియా. వేడినీటి బుగ్గలకి పేరున్న చిన్న ఊరు అది. ఒంటినొప్పులు తగ్గించుకోవడానికి జనం వెళ్లే చోటన్నమాట. అలాంటి ఊళ్లో ఇది జరిగింది.

ముందు టోర్నమెంట్ గురించి రెండు ముక్కలు. ఐస్ హాకీలో ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్లకి ప్రతి ఏడాదీ ఒక వరల్డ్ ఛాంపియన్‌షిప్ జరుగుతుంది. దాన్నే వరల్డ్ జూనియర్స్ అంటారు. క్రికెట్‌లో అండర్-19 వరల్డ్ కప్ ఎలాగో ఇది అలాగ. 1974లో లెనిన్‌గ్రాడ్‌లో ఆహ్వాన టోర్నీగా మొదలై, 1977 నుంచి అఫీషియల్ అయింది. మొదట్లో సోవియట్ యూనియన్‌దే పూర్తి ఆధిపత్యం. కెనడా వాళ్లకి ఇది పుండు మీద కారంలా ఉండేది, ఎందుకంటే వాళ్ల లెక్కలో హాకీ అంటే వాళ్ల ఇంటి ఆట. అందుకే దేశమంతా వెతికి కుర్రాళ్లని ఏరి తయారుచేసే ఒక ప్రోగ్రామ్ పెట్టుకున్నారు. 1982లో మొదటిసారి గోల్డ్ కొట్టారు. అప్పుడు నిర్వాహకుల దగ్గర కెనడా జాతీయగీతం రికార్డింగే లేకపోతే, కుర్రాళ్లు తామే నిలబడి పాడుకున్నారు.

ఇప్పుడు 1987కి వద్దాం. అప్పట్లో ఈ టోర్నీకి ఫైనల్ అంటూ ఉండేది కాదు. ఎనిమిది జట్లు, ఒక్కోటి మిగతా ఏడింటితో ఆడాలి, చివరికి పాయింట్లు లెక్కేస్తారు. ఆఖరి రోజుకి కెనడాకి కనీసం బ్రాంజ్ ఖాయమైపోయింది. సోవియట్ జట్టు మీద ఐదు గోల్స్ తేడాతో గెలిస్తే గోల్డే. ఐపీఎల్‌లో నెట్ రన్ రేట్ కోసం లెక్కలు కట్టుకుంటూ కూర్చుంటాం చూశారా, అదే టెన్షన్. మరి సోవియట్ జట్టు? ఆ ఏడాది వాళ్లు ఘోరంగా ఆడి మెడల్స్ రేసులోంచి ముందే బయటికొచ్చేశారు. అంటే ఒక జట్టుకి పోగొట్టుకోవడానికి చాలా ఉంది, ఇంకో జట్టుకి ఏమీ లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

రిఫరీ నార్వే నుంచి వచ్చిన హాన్స్ రోన్నింగ్. తటస్థ దేశం వాడు కాబట్టి పెట్టారు. కానీ ఇంత పగ ఉన్న మ్యాచ్ నడిపే అనుభవం ఆయనకి లేదు. నన్నడిగితే ఇందులో ఆయన్ని నిలబెట్టిన వాళ్ల తప్పే ఎక్కువ. నిప్పు, పెట్రోలు పక్కపక్కన పెట్టి కాపలాకి కొత్తవాణ్ని పంపితే ఏమవుతుంది?

మొదటి గోల్ కెనడా కుర్రాడు థియో ఫ్లూరీ కొట్టాడు. ఐదడుగుల ఆరంగుళాల మనిషి, హాకీ లెక్కలో బుడతడు. గోల్ కొట్టగానే మంచు మీద జారుతూ, చేతిలో హాకీ కర్రని మెషిన్ గన్‌లా పట్టుకుని సోవియట్ బెంచ్ వైపు కాల్చినట్టు యాక్షన్ చేశాడు. కోల్డ్ వార్ రోజులు. అవతలి వాళ్లకి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

సెకండ్ పీరియడ్‌లో ఇంకా ఆరు నిమిషాల ఆట ఉంది. కెనడా 4-2తో ముందుంది. అప్పుడు సోవియట్ ఆటగాడు పావెల్ కోస్తిచ్‌కిన్ తన కర్రతో ఫ్లూరీని కొట్టాడు. ఇంకో పక్క ఎవరెట్ సానిపాస్, సెర్గెయ్ షెస్తెరికోవ్ గుద్దుకున్నారు. తోపులాట పిడిగుద్దులైంది. మంచు మీద ఉన్న వాళ్లంతా తలా ఒకణ్ని పట్టుకున్నారు. ఇక్కడి దాకా హాకీలో కొత్తేం కాదు. ఉత్తర అమెరికా లీగుల్లో ఇద్దరు కొట్టుకుంటే ఐదు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోబెట్టి మళ్లీ ఆడనిస్తారు. దాటకూడని గీత ఒకటుంది: బెంచ్ మీద కూర్చున్నవాడు గొడవలోకి దూకకూడదు.

ఆ గీత దాటిన మొదటివాడు సోవియట్ జట్టులోని ఎవ్‌గెనీ దవీదోవ్. వాడు దూకగానే వాడి వెనక మొత్తం బెంచ్. మన వాళ్లని కొడుతుంటే చూస్తూ కూర్చుంటామా అని ఇటు కెనడా బెంచ్. వ్లాదిమిర్ కోన్‌స్తాంతినోవ్ అనే డిఫెన్స్ ఆటగాడు తలతో గుద్దితే కెనడా కుర్రాడు గ్రెగ్ హాగుడ్ ముక్కు విరిగింది. రోన్నింగ్, లైన్స్‌మెన్ ఇక తమ వల్ల కాదని మంచు దిగి వెళ్లిపోయారు. లైట్లు ఆర్పింది ఆ తర్వాతే. ప్రేక్షకులు ఈలలు వేస్తుంటే చీకట్లో కూడా కొట్టుకున్నారు.

ఇందులో చేరని వాళ్లూ ఉన్నారు. గోలీ జిమ్మీ వెయిట్, ఆట మళ్లీ మొదలైతే గోల్ దగ్గర తను ఉండాలి కదా అని పక్కనే ఉండిపోయాడు. పదిహేడేళ్ల పియెర్ టర్జన్ బెంచ్ మీదనుంచి లేవలేదు. వెయిట్‌ని ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు. టర్జన్‌ని మాత్రం సొంత జట్టువాళ్లే ఏళ్ల తరబడి దెప్పారు. నాకైతే ఈ మొత్తం కథలో మనసుకి పట్టేది ఇదే. రూల్ ప్రకారం చూస్తే బెంచ్ మీద కూర్చున్నవాడు చేసిందే కరెక్ట్. కానీ లాకర్ రూమ్‌లో రూల్ బుక్ వేరే ఉంటుంది.

అక్కడికక్కడే ఇంటర్నేషనల్ ఫెడరేషన్ వాళ్లు మీటింగ్ పెట్టారు. రెండు జట్లనీ టోర్నమెంట్ నుంచి తీసేయాలా వద్దా? ఓట్లు 7-1. వద్దన్నది కెనడా ప్రతినిధి డెన్నిస్ మెక్‌డోనాల్డ్ ఒక్కడే. అంటే సోవియట్ ప్రతినిధి కూడా తన జట్టుని తీసేయమనే చెయ్యెత్తాడు! వాళ్లకి పోయేదేముంది, ముందే చెప్పుకున్నాం కదా. కెనడాని కావాలనే ఇరికించారని అక్కడ చాలామంది నమ్మడానికి ఇదొక కారణం. నిజంగా ముందే ప్లాన్ వేశారనడానికి రుజువు లేదు. పైగా అవతల తోసేవాడున్నా, దూకిన కాళ్లు మనవే కదా అని నేనంటాను. మొత్తానికి గోల్డ్ ఫిన్లాండ్‌కి పోయింది, వాళ్లకి ఇదే మొదటి వరల్డ్ జూనియర్ టైటిల్. సిల్వర్ చెకొస్లొవాకియాకి, బ్రాంజ్ స్వీడన్‌కి. కెనడాకి ఖాయమనుకున్న మెడల్ కూడా గల్లంతు.

ఆటగాళ్లకి 18 నెలలు, కోచ్‌లకి మూడేళ్లు ఇంటర్నేషనల్ మ్యాచ్‌ల నుంచి సస్పెన్షన్. తర్వాత ఆటగాళ్లకి ఆరు నెలలకి తగ్గించారు. కెనడాలో ఇళ్లల్లో గొడవలు మొదలయ్యాయి. టీవీ స్టూడియోలో బ్రయన్ విలియమ్స్ ఇది దేశానికి సిగ్గుచేటన్న ధోరణిలో మాట్లాడితే, పక్కనే ఉన్న డాన్ చెర్రీ కుర్రాళ్ల తరఫున వాదించాడు. టొరంటో మేపుల్ లీఫ్స్ ఓనర్ హెరాల్డ్ బల్లార్డ్ అయితే సొంత ఖర్చుతో ఆ పిల్లలకి గోల్డ్ మెడల్స్ చేయించాడు. తమాషా ఏంటంటే, అప్పటిదాకా ఈ టోర్నీని పెద్దగా పట్టించుకోని కెనడా జనం కూడా అప్పట్నుంచి చూడటం మొదలుపెట్టారు. ఈ రోజు క్రిస్మస్ మర్నాడు అక్కడ టీవీ పెడితే వచ్చేది ఇదే.

మరుసటి ఏడాది టోర్నీ ఎక్కడో తెలుసా? మాస్కోలో! ఫ్లూరీ కెప్టెన్‌గా, గోల్‌లో వెయిట్‌తో వెళ్లి, సోవియట్ జట్టుని 3-2తో ఓడించి గోల్డ్ తెచ్చుకున్నారు.

మరి ఆ రాత్రి కొట్టుకున్న కుర్రాళ్లు ఏమయ్యారు? సోవియట్ జట్టులోని అలెగ్జాండర్ మొగిల్నీ 1989లో దేశం విడిచి పారిపోయి అమెరికాలో బఫెలో టీమ్‌లో చేరాడు. అక్కడ అతని టీమ్‌మేట్ ఎవరనుకున్నారు? బెంచ్ మీదనుంచి లేవని టర్జన్. ఆ రాత్రి రెండు జట్ల మధ్య కొట్లాటలో ఉన్న కెనడా కుర్రాడు బ్రెండన్ షానహన్, సోవియట్ కుర్రాళ్లు సెర్గెయ్ ఫెదొరోవ్, కోన్‌స్తాంతినోవ్, ముగ్గురూ పదేళ్ల తర్వాత డెట్రాయిట్‌కి కలిసి ఆడారు. 1997లో స్టాన్లీ కప్ కలిసి గెలిచారు. గెలిచిన ఆరో రోజు ఒక లిమో యాక్సిడెంట్‌లో కోన్‌స్తాంతినోవ్ తలకి తీవ్రంగా దెబ్బ తగిలింది, ఆట అక్కడితో ముగిసింది. 1998లో డెట్రాయిట్ మళ్లీ గెలిచినప్పుడు టీమ్‌మేట్స్ అతన్ని వీల్‌చైర్‌లో మంచు మీదికి తీసుకొచ్చి, కప్ అతని ఒడిలో పెట్టి రింక్ చుట్టూ తిప్పారు.

షానహన్ తర్వాత ఎన్‌హెచ్‌ఎల్ ఆఫీసులో చేరాడు. 2011లో ఇచ్చిన ఉద్యోగం ఏంటో తెలుసా? ఆటగాళ్లు హద్దు దాటితే ఎన్ని మ్యాచ్‌లు సస్పెండ్ చేయాలో తేల్చడం.

ఆ రోజు టీవీ క్లిప్ మీకు ఫోన్‌లోనే దొరుకుతుంది, చూడండి. మధ్యలో స్క్రీన్ చీకటైపోతే బ్రైట్‌నెస్ పెంచకండి, అది మీ ఫోన్ తప్పు కాదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.