కులానికో కథ, తరతరాల అభిమానం

అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం 1965 నుంచి 1995 దాకా పాడింది. అభిమానులు ఏళ్ల తరబడి ఊరూరా దాని వెంట తిరిగారు. సిద్దిపేట జిల్లా మద్దూరు, పక్కనున్న చేర్యాల ప్రాంతంలో ఇలాంటి అభిమానం అంతకు ముందు నుంచే ఉంది. తేడా ఒక్కటే: ఇక్కడ అభిమానుల ఊరికి బృందమే వచ్చేది. ముదిరాజులకు కాకి పడగలవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు వారి వారి కులకథ చెప్పేవారు. ఫలానా ఊళ్లు ఫలానా బృందానివన్న హక్కు వంశపారంపర్యంగా వచ్చేది.

అది కులకట్టుబాటే తప్ప అభిమానం కాదని అనవచ్చు. కట్టుబాటు నిజమే, కథ చెప్పేవాళ్లంటే అడుక్కునే కులమన్న చిన్నచూపూ ఉండేది. కానీ కట్టుబాటు బియ్యం, పైసలు ఇప్పిస్తుందేమో గానీ, తెలిసిన కథనే రాత్రుళ్లు మేలుకుని మళ్లీ వినేలా చేయలేదు. కథ చెప్పేటప్పుడు చూపే బొమ్మల చుట్టను, అంటే పటాన్నే చూడండి. ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద నకాషీ చిత్రకారులు బొమ్మలు గీసేవారు. కథ నడిచేకొద్దీ కథకులు చుట్ట విప్పుతూ ఒక్కో అంకం చూపేవారు. పాతబడ్డ పటాన్ని పారేయక, శాస్త్రోక్తంగా నదిలో కలిపేవారు. కేవలం మామూలు కోసం నడిచే వ్యవహారంలో బొమ్మల గుడ్డకు అంత మర్యాద దక్కదు. సినిమా, టీవీ వచ్చాక ఆ రాత్రులు తగ్గిపోయాయి. పటం గోడకెక్కే అలంకరణగా అమ్ముడవుతోంది. చిత్రకళ బతికింది గానీ, దాన్ని నిలబెట్టిన శ్రోతల్ని ఏ కొనుగోలుదారూ భర్తీ చేయలేడు.