బస్తర్‌లో బ్యాడ్జి లేని చదువు: ఘోటుల్, ఇల్లు, స్కౌటింగ్

బ్రిటిష్ సైనికాధికారి రాబర్ట్ బేడెన్-పవెల్ 1907లో బ్రౌన్‌సీ ద్వీపంలో కొద్దిమంది బాలురతో ప్రయోగాత్మక శిబిరం నడిపి, మరుసటి ఏడాది ‘స్కౌటింగ్ ఫర్ బాయ్స్’ ప్రచురించే నాటికే, బస్తర్ సంస్థానంలోని మురియా గోండుల ఊళ్లలో పిల్లలు తమంతట తామే నడుపుకొనే ఒక సంస్థ పాతుకుపోయి ఉంది. దాని పేరు ఘోటుల్. పెళ్లికాని బాలబాలికలు సాయంత్రాలు చేరే ఊరుమ్మడి ఇల్లు. దాన్ని నెలకొల్పినవాడు లింగో అనే పూర్వపురుషుడని మురియాల నమ్మకం. వాద్యాలనూ పాటలనూ నేర్పినవాడు కూడా ఆయనేనని వారి గాథలు చెబుతాయి.

బస్తర్‌లో ఉండి ఈ వ్యవస్థను పరిశీలించిన వెరియర్ ఎల్విన్ 1947లో వెలువరించిన బృహద్గ్రంథంలో బయటి పాఠకుల కుతూహలం వేరే విషయాల చుట్టూ తిరిగింది గాని, అందులో నిజంగా నిలిచి చదవవలసినవి పనుల పంపకం, జరిమానాలు, పదవుల గురించిన పుటలు. చెలిక్ అని పిలిచే బాలుడు రోజూ కట్టె తేవాలి. మోటియారి అని పిలిచే బాలిక ఘోటుల్‌ను ఊడ్చి, అలకాలి. మానినవారు తప్పు కట్టాలి. కొత్తగా చేరిన చిన్నపిల్లలు పెద్దవారి చేతికింద మెలగి, తీరు తెలిసిన తర్వాతే బిరుదు పొందేవారు. సిర్దార్, దివాన్, తహసీల్దార్, కొత్వార్ వంటి బాలుర బిరుదుల్లో సంస్థానపు కచేరీ నీడ స్పష్టంగా కనిపిస్తుంది. బాలికలకు పెద్ద బేలోసా. ఘోటుల్ లోపల ఒకరినొకరు ఆ బిరుదులతోనే పిలుచుకొనేవారు. ఊళ్లో పెళ్లి జరిగితే వంటచెరకు, ఆట, పాట ఈ బృందం వంతు. పెళ్లితో సభ్యత్వం ముగిసేది గనుక బిరుదును జీవితాంతం చొక్కాకు కుట్టుకొనే అవకాశం ఎవరికీ లేదు.

స్కౌటింగ్ బ్యాడ్జి ఇందుకు భిన్నమైన లెక్క. ముడులు వేయడం, నిప్పు రాజేయడం, ప్రథమ చికిత్స, వంట వంటి ఒక్కో నైపుణ్యాన్ని పరీక్షించి, నెగ్గిన పిల్లవాడికి గుడ్డ ముక్క మీద కుట్టిన గుర్తు ఇస్తారు. అది పదవి కాదు, ధ్రువపత్రం. భారతదేశంలో తొలి దళం 1909లో బెంగళూరులో ఏర్పడింది. మొదట్లో ఈ ఉద్యమపు తలుపు యూరోపియన్, ఆంగ్లో-ఇండియన్ పిల్లలకే తెరిచి ఉండేది. అనీబిసెంట్ వంటివారు భారతీయ బాలుర కోసం 1917లో మద్రాసులో వేరే సంస్థ పెట్టవలసి వచ్చింది. చీలిన సంస్థలు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. 1919లో మొదలైన స్కౌటు నాయకుల శిక్షణకు గుర్తుగా ఇచ్చిన చెక్కపూసలు జూలూ రాజు దినుజులు హారం నుండి వచ్చినవని స్కౌటు ఉద్యమం తానే చెప్పుకొంటుంది. అడవి మనుషుల విద్యను అడవి బయటి పిల్లలకు పాఠంగా మలచిన ఉద్యమానికి ఆ పూసలు తగిన చిహ్నమే.

ఇంటి చదువుకు బస్తర్‌లో బిరుదు కూడా లేదు. వేసవి మొదట్లో ఇప్పచెట్టు కింద ఎండుటాకులు కాల్చి నేల శుభ్రం చేయడం, తెల్లవారుజామున రాలిన పూలను గంపలోకి ఏరడం, వాటిని ముంగిట్లో ఆరబెట్టి, మధ్యమధ్య తిరగేయడం పిల్లలు తల్లి వెంట ఉండి నేర్చేవి. అడ్డాకులను ఒకదానిపై ఒకటి పేర్చి, సన్నని వెదురు ఈనెతో గుచ్చి, మిగిలిన కొనను విరిచి దొన్నె చేసే పని చూడటానికి తేలిక. ఆకు చిరగకుండా ఈనె ఎక్కడ దించాలో వేళ్లకు తెలియడానికి చాలా దొన్నెలు పాడవుతాయి. తొలివానకు మొలిచే పుట్టగొడుగుల్లో తినదగినదేదో గుర్తించడంలో పొరపాటుకు చోటు లేదు గనుక అక్కడ మాత్రం పెద్దలు పిల్లల వెంటే ఉంటారు.

బడి ఈ సమాజంలోకి వచ్చిన తీరు కూడా గమనించదగినది. 1905లో అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలని వలసపాలకులు ప్రతిపాదించారు. వెట్టి, కరవు దానికి తోడయ్యాయి. 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటు లేచింది. నేతానార్‌కు చెందిన గుండాధూర్ పేరు దానితో ముడిపడి ఉంది. ఆ రోజుల్లో పోలీసు ఠాణాలతో పాటు బడులు కూడా తగలబడ్డాయి. చదువు మీద ద్వేషమని దీన్ని చదవడం సులువే. అయితే ఠాణా, బజారు, బడి ఒకే కాలంలో, ఒకే అధికారం పేరున ఊళ్లోకి వచ్చాయన్నది మరవరాదు.

బడి బయట సాగే ఇంటి చదువుకు మరో ఉదాహరణ బస్తర్‌లోని కొండగావ్ ప్రాంతపు ఘడ్వాలు. వీరు ఇత్తడి, కంచు బొమ్మలు పోతపోసే కళాకారులు. మట్టి అచ్చు మీద తేనెమైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, కాల్చినప్పుడు మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. మట్టి పిసకడంతో ఇంటి పిల్లల శిక్షణ మొదలై, మైనం తీగలు తీయడం మీదుగా, పోత దగ్గరకు చాలా ఏళ్లకు చేరుతుంది. ఇలాంటి ఇంట్లో తండ్రి దగ్గర నేర్చిన జయదేవ్ బఘేల్ తరువాత జాతీయ పురస్కారం అందుకొన్నారు. బస్తర్ ఢోక్రా అనే ఈ పోతపనికి భౌగోళిక సూచిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ గుర్తింపు ప్రాంతానికీ, అక్కడి వస్తువుకూ చెందేది. మట్టి పిసికే దశలో ఉన్న పిల్లవాడి చేతిపనిని పరీక్షించేది ఇప్పటికీ కొలిమి దగ్గర కూర్చున్న తండ్రే.