టార్చిలైటు సెల్లు: నవాసాగరం నుంచి భాస్వరం దాకా



రాత్రిపూట పొలానికి వెళ్లవలసిన అవసరం రాని రైతు కృష్ణా డెల్టాలో వుండడు. గన్నవరం ప్రాంతంలో పల్లపు చేలకు ఏలూరు కాలువ నీరు వంతులమీద వస్తుంది. వంతు అర్ధరాత్రి వచ్చినా సరే, గట్టుమీద మనిషి వుండవలసిందే. మెట్టవైపు బోరుమోటార్లకు రాత్రి కరెంటు ఇచ్చిన యేళ్లలో అక్కడి వారిదీ అదే పాటు. కట్లపాము తిరిగేది చీకటిలోనే. రక్తపింజర వరిచేలో అడుగుకింద వుంటుంది. కాబట్టి పారలాగానే చేతిదీపమూ సేద్యపు పనిముట్టే. అందులో వేసే సెల్లు ఎక్కడ పుట్టి ఎలా మారుతూ వచ్చిందో తెలిస్తే, యిప్పుడు అంగట్లో చూపిస్తున్న కొత్తరకం కొనాలా వద్దా అన్నది మీరే తేల్చుకోగలరు.

1866లో లెక్లాంషే అనే ఫ్రెంచివాడు గాజు జాడీలో నవాసాగరం కలిపిన నీళ్లుపోసి, ఒక జింకు కడ్డీ, మాంగనీసు ఖనిజం దట్టించిన ఒక బొగ్గు కడ్డీ అందులో నిలబెట్టి విద్యుత్తు పుట్టించాడు. గిన్నెలకు కళాయి పోసేవాడు వాడే నవాసాగరమే అది. కాని ఒలికే జాడీని పట్టుకొని గట్లమీద నడవలేం గదా! 1886 ప్రాంతంలో గాస్నర్ అనే జర్మన్ వైద్యుడు ఆ నీళ్లను ముద్దగా మార్చి జింకు డబ్బాలోనే కూరాడు. అదే పొడిసెల్లు. అటువంటి సెల్లులను గొట్టంలో వరుసగా పెట్టి, 1899లో డేవిడ్ మిజెల్ అమెరికాలో టార్చికి పేటెంటు పొందాడు. ఆ తొలినాటి టార్చి క్షణంసేపు వెలిగి నీరసించేది. మెరిసి ఆరిపోయే దీపం కనుకనే అక్కడివారు దాన్ని ‘ఫ్లాష్ లైట్’ అన్నారు.

మాంగనీసు అన్నాను. మనదేశంలో ఆ ఖనిజపు తవ్వకం మొదలైంది మన విజయనగరం ప్రాంతంలోనే, 1892లో. అయితే ఎక్కువ భాగం ఉక్కు కొలుములకే పోయింది. పొడిసెల్లు విషయానికి వస్తే, 1972లో ఏర్పడిన ఇండో-నేషనల్ కంపెనీ జపానువారి సహకారంతో నెల్లూరులో నిప్పో సెల్లులు తయారుచేయ నారంభించింది. టార్చిలోనూ, పొలంగట్టున మ్రోగే ట్రాన్సిస్టరులోనూ అదే గుండ్రని సెల్లు.

పొడిసెల్లు ఒకసారి అయిపోతే అయిపోయినట్లే. మనవాళ్లు ఎండలో పెట్టి మరి రెండు రాత్రులు లాగేవారు. వేడికి లోపలి ముద్ద కొంచెం కోలుకొంటుంది, అంతే. చివరికి జింకు డబ్బా తినిపోయి, రసం కారి, టార్చి స్ప్రింగు చిలుము పడుతుంది. కాని దానికొక మంచిగుణం వున్నది. వెలుగు మెల్లమెల్లగా ఎర్రబడి, ఇంటికి పొమ్మని ముందే చెబుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

తరువాత చార్జింగు టార్చీలు వచ్చాయి. వాటిలో చాలావాటిలో వున్నది సీసపు బ్యాటరీ. వాడకంలో వుంటే పనిచేస్తుంది. చార్జి లేకుండా నెలల తరబడి చూరుకు వేలాడదీస్తే మళ్లీ లేవదు. రైతు వాడకానికి యిది పొసగని గుణం. కాలువ కట్టిన తరువాత టార్చితో మనకేం పని?

1991లో సోనీ కంపెనీ లిథియం సెల్లును అమ్మకానికి తెచ్చింది. చిన్నదానిలో పెద్ద శక్తి. అయితే అందులో వాడిన కోబాల్టు పదార్థం బాగా వేడెక్కితే ఆక్సిజనును వదులుతుంది, సెల్లు భగ్గుమంటుంది. 1997లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో గుడెనఫ్, ఆయనతో పాఢి, నంజుండస్వామి (పేర్లు చూస్తేనే మనవాళ్లని తెలుస్తుంది) కోబాల్టుకు బదులు ఇనుము, ఫాస్ఫేటు వాడవచ్చునని ప్రకటించారు. మనం సూపరుగా చల్లే ఎరువులోని భాస్వరమే ఇక్కడా. ఫాస్ఫేటు ఆక్సిజనును గట్టిగా పట్టి వుంచుతుంది కాబట్టి వేడికి తేలికగా అంటుకోదు. ఇదే లిథియం ఐరన్ ఫాస్ఫేటు సెల్లు. మంచిరకం 2000 సార్ల వరకు చార్జికి ఆగుతుంది. ఊరికే వుంచినా చార్జి తొందరగా పోదు.

మరి లోపం లేదా? వున్నది. అదే సైజు మామూలు లిథియం సెల్లులో పట్టే శక్తిలో దీనిలో దాదాపు సగమే పడుతుంది. అయినా మన వేసవి ఎండల్లో మోటారు గదిలో వుండే టార్చికి నేను దీన్నే కొనమంటాను.

కాని కొనేటప్పుడు సైజు చూసి మోసపోవద్దు. గోడగడియారంలో వేసే సన్న సెల్లు అంతే వుంటుంది యిదీ. కాని దానిది 1.5 వోల్టులు, దీనిది 3.2. రెండు సెల్లుల టార్చిలో యివి రెండూ వేస్తే 6.4 వోల్టులవుతుంది, బల్బు మాడిపోతుంది. అటువంటి టార్చిలో ఒక్కటే వేసి, రెండోచోట కరెంటు పోయే దారి మాత్రమే వున్న డమ్మీ సెల్లు వెయ్యాలి. అప్పుడు రెండు పొడిసెల్లులిచ్చే 3 వోల్టులకు దగ్గరగా వుంటుంది. గడియారంలోకి మాత్రం పెట్టకండి.

చార్జరు సంగతి మరీ ముఖ్యం. 3.7 అని అచ్చువేసిన మామూలు లిథియం సెల్లు చార్జరు 4.2 వోల్టులదాకా ఎక్కిస్తుంది. మన ఫాస్ఫేటు సెల్లు 3.6 దగ్గర ఆగాలి. దాని చార్జరే అడిగి తీసుకోండి. అంగడివాడు ‘అన్నీ ఒకటేనండీ’ అంటే వేరే అంగడికి వెళ్లండి.

ఇందాకటి మాట యిక్కడ పనికొస్తుంది. ఈ సెల్లు చివరిదాకా ఒకే తీరున వెలిగి, తటాలున పడిపోతుంది. ఎర్రబడి చెప్పే పొడిసెల్లుకు అలవాటుపడ్డవారు నడిగట్టుమీద చీకటిలో నిలబడిపోతారు. కనుక చార్జిచేసిన మరొకటి చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తీసుకుపోవాలి. విడిగా తాళాలతో, చిల్లరతో కలిపి జేబులో వేస్తే రెండు కొసలు తగిలి వేడెక్కి కాలుతుంది.

2022లో తిరుపతిలో లిథియం సెల్లుల కర్మాగారం ప్రయోగాత్మకంగా మొదలయింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వారు 2023లో పునాది వేసి, 2024లో ఈ ఫాస్ఫేటు రకం సాంకేతిక విధానానికి విదేశీ కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. పాడయిన సెల్లులను కాలువలో విసరవద్దు; 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదార్లమీద పెట్టినవి. కొన్నచోటనే తిరిగి తీసుకుంటారేమో సెల్లు కొనేరోజునే అడిగి వుంచుకోండి.