వంగిన వెన్నులు, తార్నాక పరిశోధనలు

నడుమునకో మూపునకో ధరించిన చిన్న పరికరము, వెన్ను వంగిన క్షణముననే కంపించి మనుష్యుని హెచ్చరించుట నేడు వింత కాదు. దేహస్థితిని దేహికే మరల తెలియజేయు ఈ పద్ధతికి బయోఫీడ్‌బ్యాక్ అను పేరు 1969లో అమెరికాలోని శాంటా మోనికాయందు జరిగిన శాస్త్రజ్ఞుల సమావేశముతో స్థిరపడినది. ఆ యేటనే, హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము నానుకొనియున్న తార్నాకలో, నూతన నామము దాల్చిన జాతీయ పోషకాహార సంస్థ మానవుని నిలుకడను గూర్చి మరింత లోతైన విచారణకు పూనుకొనబోవుచుండెను.

ఆ విచారణకు పూర్వకథ కలదు. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి ప్రాంతమున, త్రాగునీటి యందలి ఫ్లోరైడు మనుష్యుల ఎముకలను పాడుచేయుచున్నదని 1937లో షార్టు మున్నగు వైద్యులు ప్రకటించిరి. ఇట్లు కలుగు ఎముకల వ్యాధి ముదిరినవానికి మెడ తిరుగదు. ప్రక్కనున్నవానిని చూడవలెనన్న మేనంతయు త్రిప్పవలెను. గొంతుకూర్చుండుటకు మోకాళ్లు లొంగవు. వెన్నెముకను బంధించు స్నాయువులు సున్నపు పదార్థముతో నిండి గట్టిపడుటచే, కొందరికి వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడును. నల్లగొండ జిల్లాలోని ఇట్టి రోగులను గూర్చి సిద్దీఖీ యను పరిశోధకుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను.

ఈ వ్యాధిని విచారించిన తార్నాక సంస్థ మూలము వేరు. 1918లో కూనూరున రాబర్టు మెకారిసన్ బెరిబెరి వ్యాధి పరిశీలనకై నెలకొల్పిన చిన్న శాఖ క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయైనది. ఈ సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు 1973లో లాన్సెట్ పత్రికయందు, ఫ్లోరైడు పీడిత ప్రాంతమున మోకాళ్లు ఒండొంటిని ఒరయుచు పాదములు ఎడముగా నిలుచు వైకల్యమును, దానితోడి అస్థిక్షీణతను వర్ణించిరి. దోషము నీటియందు మాత్రమే కలదా, కంచమునందు కూడ కలదా యను ప్రశ్న అంతట పుట్టినది. 1977లో అదే సంస్థకు చెందిన లక్ష్మయ్య, శ్రీకంఠయ్య గార్లు వరియన్నమును, జొన్నను తినువారిని పోల్చిచూచి, జొన్న తినునపుడు ఫ్లోరైడు దేహమున అధికముగా నిలుచునని కనుగొనిరి. అనగా ఒకే బావినీరు త్రాగు ఇరుగుపొరుగువారిలో, జొన్నసంకటియే ఆధారమైన పేదవానికి ముప్పు హెచ్చు.

ఆ దశాబ్దముననే నాగపూరు పరిశోధకులు పటికను, సున్నమును కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు విధానమును రూపొందింపగా, దానికి నల్లగొండ పేరే నిలిచినది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించినది. అయినను పటిక నీటిని తేర్చునే గాని, ఒకసారి గట్టిపడిన వెన్నును సడలింపజాలదు. కావుననే వ్యాధి సోకకమున్నే సురక్షితమైన నదీజలమును పల్లెలకు చేర్చుట ప్రధానోపాయమైనది.

ఈ చరిత్ర నేర్పు పాఠము స్పష్టము. గంటల తరబడి బల్లముందు కూర్చుండువానికి, పడిపోవుదునను భయముతో నడచు వృద్ధునకు మొదట చెప్పిన పరికరపు హెచ్చరిక నిజముగా ఉపకరించును. నేనును దానిని స్వాగతింతును. కాని అది వంగినవానిని సరిగా నిలువుమని కోరును; వంగుటకు కారణము అతని అశ్రద్ధయే యని తలచును. తార్నాక పరిశోధకులు వంగిన దేహమును నిందింపక, దానిని బావిని గూర్చియు, కంచమును గూర్చియు వచ్చిన వార్తగా చదివిరి. శరీరము నిటారుగా నిలుచుట ఒక్కరి అభ్యాసము వలననే సిద్ధింపదు. ఊరి నీరును, పేదవాని ఆహారమును బాగుచేయు బాధ్యత సమాజమునదే.