సముద్రానికి పెడమొహం

2009 అక్టోబరు ఆఖర్లో ఫిన్లాండ్‌లోని టుర్కు షిప్‌యార్డ్ నుంచి ఓ కొత్త ఓడ బయల్దేరింది. బాల్టిక్ సముద్రం దాటాలంటే డెన్మార్క్‌లోని గ్రేట్ బెల్ట్ వంతెన కిందుగా వెళ్లాలి. నీటి మీద వంతెన ఎత్తు 65 మీటర్లు, ఓడ ఎత్తు 72. ఇది ముందే తెలిసిన ఇంజినీర్లు పొగగొట్టాలను కిందికి దిగేలా అమర్చారు. వాటిని దించి, ఓడ వేగం పెంచారు. లోతు తక్కువ నీళ్లలో వేగంగా వెళ్లే ఓడ మరికాస్త కిందికి కుంగుతుంది. అలా అర్ధరాత్రి వేళ గండం గట్టెక్కిన ఆ ఓడే ‘ఒయాసిస్ ఆఫ్ ద సీస్’. కరీబియన్ విహారానికి కట్టిన తేలే పట్టణం.

ఇంత పెద్ద ఓడ ఎందుకు కావాల్సి వచ్చింది? ఆ కథ శతాబ్దం వెనక నుంచి మొదలవుతుంది.

విహారం కోసమే ఓడ కట్టించాలన్న ఆలోచన జర్మన్ నౌకా వ్యాపారి ఆల్బర్ట్ బాలిన్‌ది. ఆయన కట్టించిన ‘ప్రిన్‌జెస్సిన్ విక్టోరియా లూయిజె’ 1901లో తొలి ప్రయాణం చేసింది. సరుకు రవాణా లేదు, అన్నీ మొదటి తరగతి గదులే. లైబ్రరీ, వ్యాయామశాలతో పాటు, తీసిన ఫొటోలు కడుక్కోవడానికి డార్క్‌రూమ్ కూడా ఉండేది. అంటే యాత్రికుడి చూపు బయటి సముద్రం మీద, దీవుల మీదే. ఆ ఓడ కూడా కరీబియన్‌కు వచ్చింది. 1906 డిసెంబరులో జమైకా తీరంలో రాళ్లకు తగిలి అక్కడే ముగిసిపోయింది.

1958లో అట్లాంటిక్ మీదుగా జెట్ విమానాలు మొదలయ్యాక, అయిదారు రోజులు ఓడలో గడిపే అవసరం తీరిపోయింది. మహా నౌకలకు గిరాకీ పడిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు మయామీలో విహారయాత్రల వ్యాపారి టెడ్ అరిసన్ దగ్గర ప్రయాణికులున్నారు, ఓడ లేదు. నార్వేలో నౌకా వ్యాపారి క్నూట్ క్లోస్టర్ దగ్గర ‘సన్‌వర్డ్’ అనే ఓడ ఉంది, దానికి పని లేదు. ఇద్దరూ కలిశారు. 1966 డిసెంబరులో సన్‌వర్డ్ మయామీ నుంచి బహామాస్ రాజధాని నసావుకు బయల్దేరింది. విదేశీ జెండా ఉన్న ఓడలు ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్లను మరో అమెరికా రేవులో దించకూడదని 1886 నాటి చట్టం. పొరుగునే పరాయి దీవులున్న మయామీకి అదే కలిసొచ్చింది.

1970లో రాయల్ కరీబియన్ సంస్థ ‘సాంగ్ ఆఫ్ నార్వే’ను దింపింది. పొగగొట్టానికి ఆనించి అద్దాల లాంజ్, ఎండకు కాగే విశాలమైన డెక్ దాని ప్రత్యేకతలు. గిరాకీ ఎంత పెరిగిందంటే 1978లో ఆ ఓడను నడిమికి కోసి, మధ్యలో 26 మీటర్ల కొత్త ముక్క అతికించారు. మరుసటి ఏడాది క్లోస్టర్, మూలనపడిన ‘ఫ్రాన్స్’ నౌకను కొని ‘నార్వే’గా మార్చాడు. దాని పొడవు 315 మీటర్లు. చిన్న దీవుల రేవులు దాన్ని పట్టలేక, జనాన్ని పడవల్లో ఒడ్డుకు చేర్చాల్సి వచ్చేది. ఒడ్డు కష్టమైనప్పుడు ఓడలోనే కాలక్షేపం ఉండాలి కదా! ఓడే గమ్యమన్న ఆలోచన అక్కడ బలపడింది.

ఆ తర్వాత పోటీ మొదలైంది. 1988లో రాయల్ కరీబియన్ వారి ‘సావరిన్ ఆఫ్ ద సీస్’ అయిదంతస్తుల ఏట్రియం, అద్దాల లిఫ్టులతో వచ్చింది. 1999లో ‘వాయేజర్’ మంచు స్కేటింగ్ రింకు, కొండలెక్కే గోడ, దుకాణాల వీధి తెచ్చింది. అయితే ఓడ వెడల్పు పెరిగేకొద్దీ ఓ చిక్కు: నడుమ మిగిలే గదులకు సముద్రం కనిపించదు. వాయేజర్‌లో కొన్ని గదుల కిటికీలు లోపలి వీధికి తెరిచారు. ఒయాసిస్‌లో ఏకంగా ఓడ నడిబొడ్డునే చీల్చి, ఆకాశం కనిపించేలా వదిలేశారు. గోదావరి జిల్లాల మండువా లోగిలి లాంటి ఏర్పాటే. ఆ ఖాళీలో 12 వేలకు పైగా మొక్కలతో ‘సెంట్రల్ పార్క్’, చుట్టూ దానివైపు చూసే బాల్కనీలు. సముద్రయానానికి డబ్బు కట్టి, తోటవైపు గది అడిగే రోజులు వచ్చాయి.

2024 జనవరిలో మయామీ నుంచి బయల్దేరిన ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ది మరో మెట్టు. 365 మీటర్ల పొడవు, 20 డెక్కులు, ఏడు కొలనులు, ఆరు జారుడు గొట్టాల వాటర్‌పార్కు. నిండా ఎక్కితే 7,600 మంది ప్రయాణికులు, వారికి 2,350 మంది సిబ్బంది. స్నానాల నుంచి వంటల దాకా కావాల్సిన మంచినీటిలో అధిక భాగం సముద్రపు నీటినే శుద్ధిచేసి తయారుచేసుకుంటుంది.

చివరికి దీవులు కూడా ఓడలో భాగమైపోయాయి. హైతీలోని లబాడీ తీరాన్ని రాయల్ కరీబియన్ 1986లో లీజుకు తీసుకుంది. బహామాస్‌లోని కోకోకేలో 2019లో వాటర్‌పార్కు తెరిచింది. ఒడ్డున దిగినా ఖర్చు చాలావరకు కంపెనీ గల్లాపెట్టెకే. ఊరి బజారు పక్కన పడింది.

ఈ పరుగుపందెంలో వెనకబడిన ఓడల్లో ఒకటి మన తీరానికీ వచ్చింది. మయామీ నుంచి బహామాస్‌కు చిన్న యాత్రల కోసం 1990లో వచ్చిన ‘నార్డిక్ ఎంప్రెస్’ తర్వాత మన దేశపు విహార నౌకల సంస్థ కార్డీలియా చేతికొచ్చి, ‘ఎంప్రెస్’గా 2022 జూన్‌లో విశాఖ రేవులో ఆగింది. ఐకాన్ పరిమాణంలో అది అయిదో వంతే. అయినా దాన్ని చూడ్డానికి విశాఖవాసులు ఆసక్తి చూపారు. కరీబియన్‌లో చిన్నదైపోయిన విలాసం బంగాళాఖాతంలో కొత్తది. అయితే ఇక్కడ ఓడ ఇంకా అంత వెడల్పు కాలేదు. డెక్ మీద నిలబడినవాళ్లు ముందు చూసేది సముద్రాన్నే.